వచ్చే ఎండాకాలం కోసం మున్సిపాలిటీని ఇప్పుడే ఏం అడగాలి?

వేపచెట్టు నీడ | నవంబర్ 8, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీ. నేను మెడికల్ షాపు నడుపుతాను. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ మొదటి వారం దాకా మా కౌంటర్ మీద అన్నిటికన్నా ఎక్కువ పోయేవి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లే. కొనేవాళ్లలో హమాలీలు, మార్కెట్ యార్డులో కూలికి పోయే ఆడవాళ్లు, రేకుల ఇళ్లల్లో ఉండేవాళ్లే ఎక్కువ. ఇదివరకు పగలు మంట పుట్టినా రాత్రి కాస్త నిద్ర పట్టేదట. ఇప్పుడు తెల్లవారుజాము దాకా రేకు వేడి దిగడం లేదనీ, చంటిపిల్లలు ఏడుస్తూనే ఉంటున్నారనీ చెప్తున్నారు.

పోయిన వేసవిలో మా వాడ ఆడవాళ్లం కొందరం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, వాతావరణ మార్పును దృష్టిలో పెట్టుకుని చర్యలు తీసుకోవాలని వినతిపత్రం ఇచ్చాం. మర్యాదగానే తీసుకున్నారు. "మొక్కలు నాటిస్తున్నాం కదమ్మా" అన్నారు. అక్కడితో ఆగింది.

జనవరిలో పాలకవర్గం గడువు ముగిసింది. ఇప్పుడు ప్రత్యేకాధికారి పాలన. కౌన్సిలర్ లేనప్పుడు ఎవరిని అడగాలి, ఏమని అడిగితే పని మొదలవుతుంది? 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది వడగాడ్పులకు పోయారు. అలాంటి ఏడాది మళ్లీ వస్తే మా ఊళ్లో ఏ ఏర్పాటూ లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

పాత ఫైలు | నవంబర్ 8, రాత్రి 10:25

అమ్మా, నేను మున్సిపల్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ కాగితం ఎందుకు కదల్లేదో చెబుతాను.

ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితం ఏదో ఒక సెక్షన్‌కు పోవాలి. ఇంజినీరింగ్, టౌన్ ప్లానింగ్, శానిటేషన్, రెవెన్యూ, అకౌంట్స్. వాతావరణ మార్పు అనే సెక్షన్ లేదు. దాని మీద కమిషనర్ ఎవరి పేరు రాస్తారు? అదే "ఫలానా వార్డులో మున్సిపాలిటీ సొంత భవనాలు నాలుగింటి పైకప్పులకు మార్చి 15 లోపు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించాలి" అని రాస్తే అది నేరుగా ఇంజినీరింగ్‌కు పోతుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలతలు తీస్తాడు, ఖర్చు ఎస్టిమేట్ వేస్తాడు. ఎస్టిమేట్ పడిందంటే ఫైలు పుట్టినట్టే. పుట్టిన ఫైలును వెంటపడి నడిపించవచ్చు, పుట్టనిదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక సమయం. వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్ ముసాయిదా చలికాలంలోనే తయారవుతుంది. ఎండలు ముదిరాక అడిగితే డబ్బంతా అప్పటికే పద్దుల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. డిసెంబర్ నెలాఖరే మీ గడువు అనుకోండి.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం మొక్కలు, పచ్చదనం కోసం హరిత బడ్జెట్‌గా పెట్టాలి. అది పెడుతూనే ఉంటారు. దేని మీద ఖర్చయిందో పద్దుల వారీగా చెప్పమని అడిగే పౌరుడు నా సర్వీసులో చాలా అరుదుగా కనిపించాడు. మీరు అడగండి.

పాలకవర్గం లేదని దిగులుపడొద్దు. ఇరవై ముప్పై మంది కౌన్సిలర్లు చేయాల్సిన తీర్మానం ఇప్పుడు ప్రత్యేకాధికారి ఒక్క సంతకంతో అవుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి ఇవ్వండి. అక్కడ కాగితానికి నంబర్ పడుతుంది. నంబర్ ఉన్న కాగితానికి జవాబు రాయక తప్పదు.

---

సూటి ప్రశ్న | నవంబర్ 9, ఉదయం 7:15

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. రామగుండంలో ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు. అది రోజూ కాల్చే బొగ్గు ముందు మున్సిపాలిటీ పది కప్పులకు సున్నం కొట్టించడం ఎంత? పోరాడాల్సింది కేంద్రంతో, రాష్ట్రంతో. ఆఫీసు చుట్టూ తిరిగి జనం అలిసిపోతే అసలు దోషులు హాయిగా ఉంటారు. నాకు ఇందులో నిజంగానే నమ్మకం కుదరడం లేదు.

---

విశాఖ తీరం | నవంబర్ 9, ఉదయం 8:50

@సూటి ప్రశ్న, బొగ్గు మీద మీ మాటతో పేచీ లేదు. కానీ వేడిని పుట్టించేవాళ్లను ఆపడం ఒక పని, ఇప్పటికే వచ్చిన వేడికీ వానకూ జనం చావకుండా చూడటం ఇంకో పని. రెండోది ఢిల్లీ నుంచి జరగదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా నగరం మీదికి వచ్చినప్పుడు చెట్లు కూలి, కరెంటు పోయి, తాగునీళ్ల పంపులు ఆగిపోయాయి. ఆ రోజుల్లో మా వీధికి కావలసింది ట్యాంకర్, రోడ్డు మీది చెట్టు కొట్టే రంపం, మురుగు తోడే మోటారు. మూడూ నగరపాలక సంస్థ చేతిలో ఉండేవే.

మొదటి పనిలో కూడా స్థానిక సంస్థకు వాటా ఉంది. మా ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2018లో వచ్చింది. నీళ్లు తోడటానికి, వీధి దీపాలకు నగరపాలక సంస్థలు కట్టే కరెంటు బిల్లు చూస్తే ఆ ప్లాంటు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో పట్టణ సంస్థలకు ఇచ్చిన 18 అంశాల్లో పర్యావరణ పరిరక్షణ ఒకటి. దయ చూపించమని అడగక్కర్లేదు, అది వాళ్లకు అప్పగించిన పనే.

---

నాలా పక్కిల్లు (హన్మకొండ) | నవంబర్ 9, ఉదయం 11:05

సూటి ప్రశ్న తమ్మీ, రామగుండం పొగ మా కార్పొరేషన్ ఆపలేదు, అది నిజమే. కానీ మా గల్లీలకు నీళ్లొచ్చింది నాలా ఇరుకైనందుకు, చెరువుల మీద ఇండ్లు లేసినందుకు. 2020 ఆగస్టుల మునిగినం. 2023 జులైల మునిగినం. మొన్న మొంథా తుపానుకు మళ్ల మునిగినం. 2023ల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల దాదాపు 65 సెంటీమీటర్లు పడ్డది. గంత వాన పడితే ఎక్కడైనా ఆగం అయితది, ఒప్పుకుంట. కానీ దాంట్ల నాలుగో వంతు పడ్డా మునుగుతున్నం కదా, అది మనిషి చేసుకున్నదే.

వేపచెట్టు నీడ అక్కా, మీది చిన్న ఊరు అంటున్నరు. ఇంకా పూర్తిగా చెడిపోక ముందే ఒక్క పని చెయ్యిండ్రి. 2012 నాటి 168 నంబరు జీవో చదువుండ్రి. పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువు అయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు, పది మీటర్ల కన్నా వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకన్నా చిన్న నాలాకు 2 మీటర్లు ఇడిసిపెట్టాలె. మా కాలనీ పిల్లగాండ్లు టేపు పట్టుకొని నాలా పొడుగూతా వెడల్పు కొలిచి, ఎక్కడ ఎంత ఉన్నదో పెద్ద చార్టు మీద గీసిండ్రు. ఆ చార్టు చూసినంక ఆఫీసుల మాట్లాడే తీరు మారింది. అంతకుముందు "పూడిక తీపిస్తం" అని పంపిచ్చేటోళ్లు. ఇప్పుడు ఎక్కడ, ఎంత అన్నది మేమే చూపిస్తున్నం.

ఇది మనసుల పెట్టుకోండ్రి. కొత్త ఇంటికి పర్మిషన్ ఇచ్చే కాడనే ఆపాలె. కట్టినంక కూలగొట్టుడు అంటే ముందుగాల పోయేది పేదోళ్ల గుడిసెలే. పెద్దోళ్లు కోర్టుకు పోయి స్టే తెచ్చుకుంటరు.

---

గోదారి పిల్ల | నవంబర్ 9, మధ్యాహ్నం 1:30

విజయవాడ పక్క బుడమేరు వాగు సంగతి కూడా ఇదే. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడ సింగ్ నగర్‌లో మా పిన్నీ వాళ్లు మేడ మీద కూర్చుని పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూశారు. పై హన్మకొండ అన్నయ్య రాసింది మా జిల్లా గ్రూపులో పెడుతున్నాను.

---

పొలంగట్టు (అనంతపురం) | నవంబర్ 9, రాత్రి 8:10

మా పక్క నుంచి ఒక సంగతి చెప్తా. పట్నాలకూ పనికొస్తుంది.

2003 నుంచి 2009 దాకా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలు కొలిచే కార్యక్రమం నడిచింది. మా అనంతపురం కాక చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ. పెద్ద చదువులు లేని రైతులు, ఆడోళ్లు కూడా, బోరులోకి కొలతతీగ వదిలి నీళ్లెంత లోతున ఉన్నాయో చూసేవాళ్లు. ఊళ్లోనే వానమాపకం పెట్టి రాసుకునేవాళ్లు. రబీకి ముందు అందరూ కూచుని, ఈ ఏడు భూమిలోకి ఎన్ని నీళ్లు దిగాయి, మనం అనుకున్న పైర్లకు ఎన్ని కావాలి అని లెక్క వేసేవాళ్లు. ఆ లెక్క ఊరి గోడ మీద రాసేవాళ్లు. వరి వెయ్యొద్దని ఎవరూ ఎవర్నీ కట్టడి చెయ్యలేదు. గోడ మీది లెక్క చూసి చానామంది వాళ్లంతట వాళ్లే తక్కువ నీళ్ల పైర్లకు మళ్లినారు.

గోడ మీద లెక్క ఉంటే సర్పంచ్ అయినా ఆఫీసరైనా కాదనలేడు. అక్కా, మీరు మీ వాడలో ఒక రేకుల ఇంట్లో, పక్కనే చెట్టు కింద ఉన్న ఇంట్లో ఒకే రకం థర్మామీటర్లు పెట్టి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రాసి చూడండి. ఆ రెండు అంకెల మధ్య తేడాను వినతిపత్రం మొదటి వరుసలో పెట్టండి.

పంచాయతీ వాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్లకో మాట. మా చిన్న పంచాయతీలకు పెద్ద ఖర్చు వీధి దీపాలు, నీళ్ల మోటార్ల కరెంటు. కరెంటు బకాయిల కింద ఆర్థిక సంఘం నిధులు సర్దుబాటు చేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కిన రోజులు ఉన్నాయి. ఎల్‌ఈడీ దీపాలు, తెల్లారగానే ఆరిపోయే స్విచ్చి, ట్యాంకు నిండగానే ఆగే మోటారు. వీటిని భూతాపం పేరుతో అడిగితే వింటారో లేదో గానీ, బిల్లు తగ్గుతుందంటే ఏ సర్పంచైనా కూర్చోబెట్టి వింటాడు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక పని ఏటా అక్టోబర్ 2న మొదలవుతుంది. గ్రామసభలో నోటితో చెప్పి ఊరుకోకుండా, మినిట్స్ పుస్తకంలో రాసేదాకా కూచోండి.

---

సచివాలయం చెల్లి | నవంబర్ 9, రాత్రి 10:00

నేను ఆంధ్రలో వార్డు శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీని. మా హోదా పేరులోనే పర్యావరణం ఉంది. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లంతా చెత్త బండి రాలేదనీ, కాలువ పొంగిందనీ చెప్పడానికే వస్తారు. ఇంటి ముందు చెట్టు గురించో, ఎండ గురించో అడగడానికి ఒక్కరూ రారు. అడిగితే రాసి పంపే దారి మా దగ్గర ఉంది.

ఆఫీసు ఇటువైపు కూర్చున్నదాన్ని కాబట్టి అడుగుతున్నాను, ఏదో ఒకటి మీ వైపు నుంచి సిద్ధం చేసుకుని రండి. మా వార్డులో ఒక అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు "మా నలభై ఇళ్లు తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇస్తాయి, మీ ఆటోలో రెండూ కలపకుండా తీసుకెళ్తారా?" అని అడిగారు. కాదనడానికి నాకు కారణం లేదు. ఇప్పుడు ఆ తడి చెత్త ఎరువుకు పోతోంది. డంపింగ్ యార్డులో గుట్టగా పడి కుళ్లితే మీథేన్ పుడుతుంది, వందేళ్ల లెక్కన అది కార్బన్ డై ఆక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. యార్డుల్లో నిప్పంటుకుని రోజుల తరబడి పొగ రావడానికీ ఆ వాయువే ఒక కారణం. ఆ పొగ పీల్చేది యార్డు పక్క వాడ, అక్కడ పనిచేసే మా పారిశుద్ధ్య కార్మికులు.

వాళ్లను కూడా మీ వినతిపత్రంలో పెట్టండక్కా. మే నెలలో పదకొండింటి దాకా రోడ్లు ఊడ్చేది వాళ్లే. పని వేళలు ముందుకు జరపడానికి రూపాయి ఖర్చు లేదు, ఒక ఆర్డర్ చాలు.

---

సూటి ప్రశ్న | నవంబర్ 10, ఉదయం 6:50

కార్మికుల పని వేళల మాట నాకు బాగా తగిలింది. అది రేపే చేయగల పని. సరే, పైకప్పుల సంగతి కాస్త వివరంగా చెప్పండి. తెల్ల రంగు వేస్తే నిజంగా తేడా ఉంటుందా, లేక ఫొటో కోసమేనా?

---

విశాఖ తీరం | నవంబర్ 10, ఉదయం 9:20

ఉంటుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద వేడిని తిప్పికొట్టే తెల్లటి షీటు పరిచి చూశారు. పరచని ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఫ్యాను తప్ప మరేమీ లేని ఇంట్లో రెండు డిగ్రీలంటే నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా.

దాని తర్వాతే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రాల్లో మీది ఒకటి. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్లు లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆ పైన స్థలాల్లో కట్టేవాటికే తప్పనిసరి. అంటే రేకుల ఇళ్లు దాని కిందికి రావు. అసలు అవసరం ఉన్నది వాళ్లకే, మీ ఒత్తిడి అక్కడ ఉండాలని నా అభిప్రాయం. చదరపు మీటరుకు 300 రూపాయల చొప్పున అప్పట్లో అంచనా చెప్పారు. వంద చదరపు మీటర్ల కప్పుకు ముప్పై వేలు. సున్నం పూత అయితే చాలా చౌక, కాకపోతే వానలకు పోతుంది, ఏటా వేయాలి.

---

నాలా పక్కిల్లు | నవంబర్ 10, ఉదయం 10:40

2025 ఏప్రిల్‌ల తెలంగాణ సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోయినోళ్ల కుటుంబానికి 4 లక్షలు. మంచి జీవోనే. కానీ మనిషి పోయినంక నాలుగు లక్షలకు పద్దు ఉన్నది, మనిషి పోకుండ ముప్పై వేల పూతకు పద్దు లేదు. అక్కా, ఈ మాట ప్రజావాణిల గట్టిగ చెప్పుండ్రి.

---

కల్పెట్ట నుంచి | నవంబర్ 10, మధ్యాహ్నం 2:15

ఉద్యోగం మీద వయనాడ్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడ మీనంగాడి అనే పంచాయతీ 2016లో కార్బన్ తటస్థం కావాలని పని మొదలుపెట్టింది. ముందు తమ ఊరు ఎంత వదులుతోంది, చెట్లూ నేలా ఎంత పీల్చుకుంటున్నాయి అని లెక్క తీయించారు. తర్వాత చెట్టు మీద అప్పు ఇచ్చే పద్ధతి పెట్టారు. రైతు తన పొలంలో చెట్టు పెంచితే ఏడాదికి చెట్టుకు 50 రూపాయల చొప్పున పదేళ్లు, వడ్డీ లేకుండా. కొట్టేస్తేనే ఆ డబ్బు తిరిగి కట్టాలి. నాటిన లెక్క కాకుండా బతికిన లెక్కకు డబ్బు ఇవ్వడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

---

పాత ఫైలు | నవంబర్ 10, సాయంత్రం 5:30

వయనాడ్ బాబు చెప్పిన సంగతి మన చట్టాల్లోనూ ఉంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, మున్సిపాలిటీల చట్టం రెండూ అంటున్నాయి. నిరుడు మీ వార్డులో నాటినవి ఎన్ని, ఈరోజు నిలబడి ఉన్నవి ఎన్ని అని లెక్కపెట్టండి. పిల్లలు ఒక్క ఆదివారంలో చేసేస్తారు. అన్నట్టు, డివైడర్ల మీద కోనోకార్పస్ కనిపిస్తే దాన్నీ విడిగా రాయండి. త్వరగా పచ్చబడుతుందని విపరీతంగా పెట్టారు, 2022లో ఇక పెంచొద్దని రాష్ట్రమే చెప్పింది. నడిచే మనిషికి నీడనిచ్చేవి వేప, కానుగ, రావి, చింత. ఫుట్‌పాత్ వైపు, బస్టాండ్ దగ్గర, అడ్డా కూలీలు నిలబడే చోట అడగండి.

హరిత బడ్జెట్ ఖర్చు వివరాలు సమాచార హక్కు కింద తీసుకోండి. మున్సిపాలిటీకి రుసుం 10 రూపాయలు. మండల స్థాయికి 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఈ వారంలో వేస్తే డిసెంబర్ మధ్యకు కాగితం మీ చేతికి వస్తుంది.

---

వేపచెట్టు నీడ | నవంబర్ 10, రాత్రి 9:55

అందరికీ ధన్యవాదాలు. మా వాడవాళ్లం షాపు మూసేశాక కూర్చుని ఇలా రాశాం. తప్పులుంటే సరిదిద్దండి.

"ప్రత్యేకాధికారి గారికి, కమిషనర్ గారికి. మా వార్డులోని రేకుల ఇంట్లో, చెట్టు కింది ఇంట్లో తీసిన ఉష్ణోగ్రతల పట్టిక జతచేస్తున్నాం. ఒకటి, వార్డులోని ప్రాథమిక పాఠశాల, బస్తీ దవాఖాన, నాలుగు అంగన్‌వాడీ కేంద్రాల పైకప్పులకు 2023 కూల్ రూఫ్ విధానం ప్రకారం మార్చి 15 లోపు తెల్ల పూత వేయించాలి. రెండు, రేకుల ఇళ్లకు సున్నం మున్సిపాలిటీ ఇస్తే వేసుకునే పని మేమే చేసుకుంటాం. మూడు, మార్చి నుంచి జూన్ దాకా పారిశుద్ధ్య కార్మికుల పని ఉదయం పదింటిలోపు ముగిసేలా ఆదేశం ఇవ్వాలి. నాలుగు, అడ్డా దగ్గర, మార్కెట్ యార్డు గేటు దగ్గర తాగునీరు, నీడ. అయిదు, రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ రంగంలో తీసుకోవలసిన చర్యలపై తీర్మానం చేసి పంపాలి."

ఉష్ణోగ్రతలు ఇప్పుడు చలికాలంలో తీస్తే ఉపయోగం ఉంటుందా, పొలంగట్టు అన్నా?

---

పొలంగట్టు | నవంబర్ 10, రాత్రి 10:20

ఇప్పుడే మొదలుపెట్టండక్కా. చలికాలంలోనూ మధ్యాహ్నం రేకు కింద తేడా తెలుస్తుంది. అవే ఇళ్లల్లో మార్చిలో మళ్లీ రాస్తే రెండూ పక్కపక్కన పెట్టొచ్చు. రాసే పుస్తకం ఒకే మనిషి దగ్గర ఉండాల.

---

పాత ఫైలు | నవంబర్ 10, రాత్రి 10:45

బాగుందమ్మా. మూడు సవరణలు.

అంగన్‌వాడీల్లో అద్దె ఇళ్లల్లో నడిచేవి ఏవో చూసి తీసేయండి. అద్దె భవనం మీద మున్సిపాలిటీ డబ్బు పెడితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, ఆ ఒక్క కారణంతో ఫైలంతా వెనక్కి వస్తుంది. సొంత భవనాలవి పేరు, వీధితో సహా రాయండి.

అయిదో అంశాన్ని వేరే కాగితం మీద ఇవ్వండి. అది అవసరం లేదని కాదు. పని అడిగే కాగితంలో తీర్మానం అడిగితే రెండూ కలిపి రాష్ట్రానికి పంపేసి చేతులు దులుపుకుంటారు. పాలకవర్గం వచ్చాక మొదటి సమావేశంలోనే ఆ తీర్మానం పెట్టించండి. ఓట్లు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థి దగ్గరా ఇప్పుడే మాట తీసుకోండి.

రెండో అంశానికి ఇళ్ల జాబితా జతచేయండి. ఎన్ని ఇళ్లు, ఒక్కో కప్పు ఎన్ని చదరపు మీటర్లు, మొత్తం సున్నం ఎంత. ఏఈ చేయాల్సిన లెక్క మీరే చేసి ఇస్తే అతను సంతోషంగా సంతకం పెడతాడు.

---

సూటి ప్రశ్న | నవంబర్ 11, ఉదయం 7:05

అక్కా, మీ మున్సిపాలిటీ పేరు నాకు మెసేజ్‌లో పంపండి. దగ్గరైతే ఆదివారం టేపు పట్టుకుని వస్తాను. రేకుల కప్పులు కొలవడానికి నిచ్చెన ఎక్కేవాళ్లు ఇద్దరు ముగ్గురు కావాలి కదా. విద్యుత్ మీద రెండో కాగితం నేను రాస్తాను.